సూర్యాస్తమయ సదుపాయం

మాన్యువల్‌లో ఉన్నదే ఉన్నది. మాన్యువల్‌లో లేనిది లేదు. ప్రోగ్రాం ఒకలా, మాన్యువల్ ఇంకోలా చెబితే తప్పు ప్రోగ్రాందే!

ఈ మహావాక్యం నాదే. "గురిత్ మూలగ్రంథ నిర్వహణ, నవీకరణ మండలి" తొలి సమావేశంలో లేచి నిలబడి చెప్పాను. సభ యావత్తూ చప్పట్లు కొట్టింది. సభ అంటే ఇద్దరు. అధ్యక్షుడు పాక్ హెందార్మిన్, అంటే హెందార్మిన్ గారు, సోలో నగరంలో ప్రొఫెసరు. ఉపాధ్యక్షుడు ఒకాయన ఆ ఒక్కరోజే వచ్చాడు, మళ్ళీ రాలేదు. ఆయన పేర టిఫిన్ పెట్టె మాత్రం నెల నెలా వస్తుంది. ఆకులో చుట్టిన జిగురన్నం, ఒక వేపుడు, ఒక పచ్చిమిరపకాయ. ఆయన గౌరవం నిలబెట్టడానికి ఆ పెట్టె నేను ఇంటికి పట్టుకెళ్తాను.

గురిత్ అంటే కంప్యూటర్లో రాతకోతలు చేసుకునే ఎడిటర్. అలాంటివి లోకంలో బోలెడున్నాయి. దీని గొప్పేమిటంటే, దానికి రాని పని మనమే నేర్పుకోవచ్చు. నాలుగు పంక్తుల్లో ఒక కమాండ్ రాసిస్తే ఆ విద్య దానికి పట్టుబడినట్టే. ఇక జావాలో ఉన్న ఉత్సాహవంతులంతా దాని మీద పడ్డారు. పావురాల పందెం ఫలితాలు పట్టిక వేయడం నేర్పారు. ఎంతమంది చుట్టాలొస్తే సంబల్ పచ్చడిలోకి ఎన్ని మిరపకాయలు పడాలో లెక్కకట్టడం నేర్పారు. ఎవరేం నేర్పినా మాన్యువల్‌లో దానికో పేజీ ఉండాలి. కమాండ్ పేరు, అది చేసే పని, ఒక ఉదాహరణ. అడుగున "పునఃపరిశీలించబడినది" అనే మాట, పక్కన తేదీ. ఆ పేజీలన్నిటికీ కాపలా నేను.

నా అర్హతలు అడుగుతారేమో. ఊరి బడిలో చదువు. క్లాతెన్ పట్నంలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో బతుకంతా ప్రూఫ్ రీడర్ ఉద్యోగం. ఇతరుల తప్పులు పట్టడం తప్ప మరో పని రాదు. క్షమించడం అసలు రాదు. మా మాన్యువల్‌లో ఒక్క కామా తప్పుంటే చూపించండి, నా నాలుగు వెంట్రుకల మీసం తీసేస్తాను. అందులో చెప్పింది చెప్పినట్టు జరుగుతుందా అంటారా? అది వేరే శాఖ.

నా భార్య పోనిరా ఉన్నప్పుడు ఈ పనిలో ఒక అడ్డంకి ఉండేది. నేను కొత్త పేజీ రాసి, గొంతు సవరించుకుని చదివి వినిపించేవాణ్ణి. ఆమె పొయ్యి దగ్గరనుంచి తల తిప్పేది కాదు.

"బాగుంది. చేసి చూశావా?"

"రాసిచ్చినాయన చేసే ఉంటాడు కదా."

"ఆయన సంగతి కాదు. నువ్వు చేసి చూశావా?"

చేసి చూసేవాణ్ణి. సగం పనిచేసేవి కావు. మిరపకాయల కమాండ్ పదిమంది చుట్టాలకి ఒక బస్తా చెప్పింది. ఉత్తరం రాయాలి, తగువాడాలి, మళ్ళీ చేసి చూడాలి. ఒక పేజీ తెమిలేసరికి వారం గడిచేది. ఆమె జన్మలో కంప్యూటర్ ముట్టలేదు. రుచి చూడకుండా గిన్నె దించేది కాదు, అంతే.

ఆమె పోయింది. అడ్డంకి తొలగింది. మండలి పనితీరు ఒక్కసారిగా మెరుగుపడింది.

ఎలాగంటారా? నా మొత్తం జీవితంలో నేను రాసిన ఏకైక కమాండ్ ఒకటుంది. ఒక మీట నొక్కితే చాలు, ప్రతి పేజీ అడుగునా పాత తేదీ పోయి ఇవాళ్టి తేదీ పడుతుంది. టీ చల్లారేలోపు గ్రంథం మొత్తం పునఃపరిశీలన పూర్తి! నేర్పితే నేర్చుకునే ఎడిటర్ చేతిలో ఉండి కూడా పేజీలు ఒక్కొక్కటీ చదివేవాణ్ణి ఏమనాలి?

"పాక్ లెగిమాన్, ఈ నెల కూడా అన్ని పేజీలూ చూసేశారా?" అనేవాడు హెందార్మిన్.

"చూశాను పాక్."

"ఒక్కరే?"

"ఒక్కణ్ణే."

"ఈ వయసులో! ఏం దీక్ష పాక్, ఏం దీక్ష!"

నేను తల వంచుకునేవాణ్ణి. వినయం అనుకునేవాడు.

మా దగ్గర పెద్దవాళ్ళు ఏదన్నా చెబితే "ఇంగ్గిహ్" అంటారు. చిత్తం అని. నేను మాన్యువల్ గురించి మాట్లాడినప్పుడల్లా వీధిలో, మసీదు దగ్గర, మండలిలో అందరూ "ఇంగ్గిహ్, పాక్, ఇంగ్గిహ్" అనేవారు. ఇంతమంది నాతో ఏకీభవిస్తున్నారని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

ఒకరోజు వొనొసరి అనే ఊరినుంచి ఫోనొచ్చింది. బు తార్సిహ్ అట, అంటే తార్సిహ్ అమ్మగారు, స్కూలు టీచరు. చనిపోయినవాళ్ళకి చేసే విందుల రోజులు లెక్కకట్టే కమాండ్ ఒకటి గురిత్‌లో ఉంది. మనిషి పోయిన తేదీ ఇస్తే నలభయ్యో రోజు, నూరో రోజు, వెయ్యో రోజు ఎప్పుడు పడతాయో చెబుతుంది. గొడవ దాని మీద.

"పాక్, మీ పుస్తకం చెప్పినట్టే చేశాం. నాన్న నలభయ్యో రోజు విందు ఒకరోజు ముందే పెట్టేశాం."

"ఏ పేజీయో చూశారా బు? అడుగున తేదీ ఏముంది?"

"పోయిన ఆదివారం."

"అంటే పోయిన ఆదివారమే పరిశీలించామన్నమాట."

"అది కాదు పాక్. నాన్న పోయింది మసీదులో మగ్రిబ్ ఢంకా మోగాక. పొద్దుగుంకితే మనకి మర్నాడు వచ్చేసినట్టే కదా. మీ లెక్కలో రోజు అర్ధరాత్రికి మారుతోంది."

"కంప్యూటర్లో రోజు అర్ధరాత్రికే మారుతుంది బు. మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది."

"మా నాన్నకి ఆ సంగతి తెలీదు పాక్."

జవాబు లేనప్పుడు హోదా ఉంటుంది కదా!

"చూడండి బు, ఈ గ్రంథం మండలి నిర్వహణలో ఉన్నది. వ్యక్తిగత సందర్భాలను బట్టి సవరణలు చేయజాలము."

"పోనీ సవరణ నేనే రాశాను పాక్. నాలుగు పంక్తులు. పంపించాను, చేసి చూడండి."

చేసి చూడండి! ఆ మాట నేను ఇంకొకరి నోట వినదలచుకోలేదు.

"పరిశీలనార్హం కాదు," అన్నాను.

అవతలనుంచి, "ఇంగ్గిహ్, పాక్."

ఒప్పుకుందని ఫోను పెట్టేశాను.

కొన్ని నెలలకి పోనిరా వెయ్యో రోజు దగ్గరపడింది. వెయ్యో రోజంటే ఆఖరి విందు. ఆ రోజే సమాధికి రాయి వేస్తారు. ఆ రోజుతో పోయిన మనిషి ఇంటి చుట్టూ తిరగడం మానేసి తన దారిన తను వెళ్ళిపోతుంది. ఇక మళ్ళీ చేసేదేమీ ఉండదు. తప్పు జరిగితే దిద్దుకోవడానికి వెయ్యిన్నొకటో రోజంటూ లేదు. ఆమెకి నేను చేయగలిగింది ఇదొక్కటే మిగిలింది. సరిగ్గా చేయాలనుకున్నాను.

సరిగ్గా అంటే ఎలా? మాన్యువల్ ప్రకారం!

ఆమె పోయాక ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన కాగితం తీశాను. గురువారం అని ఉంది. కమాండ్‌కి ఇచ్చాను. మంగళవారం అంది. మా వదిన సమింతెన్ ఇంటికెళ్ళి చెప్పాను. పోనిరాకి అక్క, అదే వీధి చివర ఉంటుంది. ఆమెకి నా మీద సదభిప్రాయం ఎన్నడూ లేదు, నాకూ ఆమె మీద లేదు. ఈ ఒక్క విషయంలో మా ఇద్దరికీ మంచి పొత్తు.

"మంగళవారమా?" అంది, చేటలో బియ్యం ఏరుతూ. "ఎవరు చెప్పారు మాన్?"

"గురిత్ చెప్పింది."

"గురిత్ ఎవరు? మన చుట్టమా?"

"ఎడిటర్, వదినా. మా మాన్యువల్‌లో ఉంది. పోయిన ఆదివారమే పరిశీలించాం."

"మా చెల్లెలు పోయింది ఢంకా మోగాక. బుధవారం చెయ్యాలి."

"అర్ధరాత్రి దాటితే కదా రోజు మారేది!"

వదిన చేట కింద పెట్టింది. నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. చెల్లెలు కూడా అలాగే చూసేది. కానీ చెల్లెలైతే చూశాక తిట్టేది.

"వంటకి ఇరుగుపొరుగు ఆడవాళ్ళని పిలిచావా?" అంది వదిన.

"క్యాటరింగ్ చెప్పాను. వెదురు బుట్టల్లో సర్ది తెచ్చిస్తారు."

"ఇంగ్గిహ్," అంది వదిన. బియ్యం ఏరుకోసాగింది.

నాకంటే పెద్దది, నాకు "ఇంగ్గిహ్" అనవలసిన అవసరం లేనిది. వీధిలోకి వచ్చాక ఒక్క క్షణం అనుమానం తగిలింది. మాన్యువల్ ఘనత ఆమెకి కూడా ఎక్కింది కాబోలు అని సర్దిచెప్పుకున్నాను.

ఇంటింటికీ వెళ్ళి పిలిచాను. "మంగళవారం సాయంత్రం, అసర్ నమాజు అయ్యాక." అందరూ నడుం వంచి "ఇంగ్గిహ్, పాక్." ప్రార్థన చదివే మొదిన్ దగ్గరికి వెళ్ళాను. మంగళవారం అనగానే ఆయన ఏదో లెక్క పెట్టుకున్నట్టు వేళ్ళు కదిపాడు. "మంగళవారమా పాక్?" "మంగళవారమే." "ఇంగ్గిహ్." రాయి చెక్కే సుగియోనోకి కాగితం ఇచ్చాను. పోనిరా పేరు, గురువారం పాహింగ్, తేదీ. మాకు ఏడు రోజుల వారంతో పాటు ఐదు రోజుల వారం కూడా ఉంది. పాహింగ్ అందులో ఒక రోజు, దాని మర్నాడు పోన్. పోన్ నాడు పుట్టిందని ఆమెకి పోనిరా అని పేరు పెట్టారు.

సుగియోనో కాగితం చూశాడు. నన్ను చూశాడు. "ఇంగ్గిహ్, పాక్. మంగళవారానికి తెస్తాను," అన్నాడు.

"అక్షరం పొల్లుపోకూడదు."

"పోదు పాక్."

మంగళవారం వచ్చింది. ముందు గదిలో చాపలు పరిచాను. బుట్టలు వచ్చాయి. గోడ పొడుగునా రెండు వరసల్లో పేర్చాను. ప్రతి బుట్టలో అన్నం, కోడికూర, అప్పచ్చి. కొత్త సరోంగ్ లుంగీ కట్టి, నల్ల టోపీ పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. అసర్ అయింది. ఎవరూ రాలేదు. మర్యాదస్థులు, కాస్త ఆలస్యంగా వస్తారనుకున్నాను. ఎదురింటి పాక్ జుమాది సైకిల్ మీద వెళ్తూ నన్ను చూసి, తల బాగా కిందికి వంచి, పెడలు గట్టిగా తొక్కాడు. మొదిన్ లేడు. రాయీ రాలేదు. ఢంకా మోగింది. చాపల మీదికి కోడిపెట్ట ఒకటి వచ్చి, మొత్తం పరిశీలించి, వెళ్ళిపోయింది.

పోనిరా మంచి మనిషి. ఆమె విందుకి కోడిపెట్ట తప్ప ఎవరూ రాకపోవడమంటే నా ముఖం చూసి మానేసినట్టే కదా! ఆ వీధిలో ఒక్కొక్కడినీ పేరుపేరునా తిట్టుకున్నాను. ఒక బుట్ట విప్పుకుని తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. వండినవాడు రుచి చూసినట్టు లేదు.

మర్నాడు ఉదయంనుంచీ వీధి చివర కొబ్బరిపాలు మరుగుతున్న వాసన. ఆడవాళ్ళ నవ్వులు, రోలు చప్పుడు. ఎవరింట్లోనో పెళ్ళి కాబోలు, నన్ను పిలవలేదు అనుకున్నాను. ఆ కోపం నిన్నటి కోపానికి కలిపాను.

అసర్ అయింది. తలుపు చప్పుడు. తీస్తే వీధి వీధంతా గుమ్మంలో ఉంది! ఉతికిన సరోంగ్‌లు, నల్ల టోపీలు. ముందు మొదిన్. పక్కన పాక్ జుమాది, నిన్న సైకిల్ తొక్కిన దుర్మార్గుడు. వెనక ఆడవాళ్ళ నెత్తిన గిన్నెలు. అందరికంటే వెనక మా వదిన, సేనాధిపతిలాగా.

"ఏమిటిది?" అన్నాను.

"విందు," అంది వదిన. "పక్కకి జరుగు మాన్, గిన్నెలు వేడిగా ఉన్నాయి."

"నిన్న కదా విందు!"

వీధంతా తన కాలిబొటనవేళ్ళని చూసుకుంటోంది.

"నిన్న ఎందుకు రాలేదు పాక్ జుమాది? 'ఇంగ్గిహ్' అన్నారు కదా!"

"అన్నాను పాక్."

"మరి?"

"మీరంత గట్టిగా చెబుతుంటే కాదంటే బాగుండదని..."

అప్పుడు సుగియోనో తోపుడుబండి మీద రాయి తెచ్చాడు. అది నా రంగం! వెళ్ళి ప్రూఫ్ చూశాను. పేరు సరిగ్గా ఉంది. కింద: శుక్రవారం పోన్.

"తప్పు!" అని అరిచాను. ఆనందంగా అరిచాను, దాచడమెందుకు. "తప్పు చెక్కావు! నేను రాసిచ్చింది గురువారం పాహింగ్! కాగితం ఏది? తియ్ కాగితం!"

సుగియోనో వదిన వైపు చూశాడు. వదిన గిన్నె దించి నా దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు.

"అది పోయింది ఢంకా మోగాక. దీపం పెట్టమంది నిన్ను. నువ్వు లేచి దీపం పెట్టి వచ్చేసరికి లేదు. నాకు ఎలా తెలుసు? నువ్వే చెప్పావు మాన్, ఆ రోజు, ఈ గుమ్మంలో కూర్చుని."

నిజమే. నేనే చెప్పాను.

దీపం పెట్టింది ఈ చేత్తోనే. చీకటి పడిందని ఈ కళ్ళతోనే చూశాను. అయినా ఆసుపత్రి కాగితం చూసి, మాన్యువల్ చూసి, నా భార్య గురువారం పోయిందని రాయి మీద చెక్కించబోయాను. వీధి మొత్తానికి తెలుసు ఏ రోజో. కాపలాదారుకి తప్ప.

"లోపలికి రండి," అన్నాను.

మొదిన్ ప్రార్థన బాగా చదివాడు. వదిన కూరలో ఉప్పు సరిపోయింది. వెళ్తూ వెళ్తూ అందరూ నిన్నటి బుట్టలు కూడా మొహమాటం లేకుండా అడిగి పట్టుకెళ్ళారు. కోళ్ళకట.

మర్నాడు వొనొసరికి ఫోను చేశాను.

"బు తార్సిహ్, మీరు చెప్పిందే సరి."

"ఇంగ్గిహ్, పాక్," అంది. ఇప్పుడు నాకు ఆ మాట అర్థమవుతుంది. సంతోషించదగ్గ అర్థం కాదు.

"ఒక సంగతి అడుగుతాను బు. నా మాన్యువల్ ఎవరెవరు చదువుతారో మీకేమైనా తెలుసా?"

"నాకు తెలిసి నేనొక్కదాన్నే పాక్. మిగతావాళ్ళు చేసి చూసి నేర్చుకుంటారు."

ఉన్న ఒకే ఒక్క పాఠకురాలిని "పరిశీలనార్హం కాదు" అని పంపించేశానన్నమాట!

ఆమె పంపిన నాలుగు పంక్తులు వెతికి గురిత్‌లో పెట్టాను. పోనిరా తేదీ ఇచ్చాను. ఢంకా మోగాక అని చెప్పాను. బుధవారం అంది. మళ్ళీ ఇచ్చాను. బుధవారం. పేజీ కొత్తగా రాశాను. ఉదాహరణ అన్నచోట పోనిరా పేరు, ఆమె తేదీ. సరిచేసినవారు బు తార్సిహ్ అని రాశాను. చదువుకుంటే ఒక కామా తప్పు కనిపించింది. వదిలేశాను.

మండలి సమావేశంలో విషయం పెట్టాను. హెందార్మిన్ బెదిరిపోయాడు.

"సవరణా? పాక్, ఆ పేజీ ప్రతి నెలా పునఃపరిశీలించబడింది కదా! ఇప్పుడు తప్పంటే ఇన్నాళ్ళూ ఏం పరిశీలించినట్టు?"

ఇది నేను జీవితంలో విన్న అతి తెలివైన ప్రశ్న. అడిగినాయనకి ఆ సంగతి తెలీదు.

"మరేం చేద్దాం పాక్?" అన్నాను.

ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. "తప్పు లేదు. సవరణ లేదు. కొత్త సదుపాయం!"

మరుసటి నెలలో పెద్ద బ్యానరు కట్టారు. "గురిత్‌లో సూర్యాస్తమయ సదుపాయం ప్రారంభోత్సవం." పసుపన్నం కొండలా పేర్చారు. హెందార్మిన్ ప్రసంగించాడు. "ఈ సదుపాయాన్ని పాక్ లెగిమాన్ తమ స్వగృహంలో, స్వయంగా తమ సతీమణి విందులో, క్షేత్రస్థాయిలో పరీక్షించారు! ఇలాంటి దీక్ష ఎక్కడుంది?" చప్పట్లు. కొండ శిఖరం కోసి, పక్కన కోడి తొడ పెట్టి, ఆ రోజు అతి పెద్ద గౌరవంగా నా చేతికిచ్చారు. బు తార్సిహ్ పేరు ఆ ప్రసంగంలో లేదు. లేచి చెప్పవలసింది. నోట్లో కోడి తొడ ఉంది.

ఇంటికొచ్చి ఒక పని చేశాను. నా ఏకైక కమాండ్ తెరిచి, ఆ మీట ఈ ఒక్క పేజీని ముట్టకుండా ఒక పంక్తి చేర్చాను. ఆ పేజీ అడుగున నేను నిజంగా చేసి చూసిన రోజు తేదీ ఉంది. దాన్ని మార్చడానికి నాకు చేయి రాలేదు. మిగతా పేజీలా? నెల నెలా మొదటి ఆదివారం నొక్కుతూనే ఉన్నాను. నాకేమీ జ్ఞానోదయం కాలేదు, పొరపాటు పడకండి.

సంవత్సరం తిరిగింది. హెందార్మిన్ ఫోను చేశాడు. గొంతులో బాధ.

"పాక్, వార్షిక నివేదిక తయారుచేస్తున్నాను. గ్రంథంలో అన్ని పేజీలూ ఈ నెల తేదీతో కళకళలాడుతున్నాయి. ఒక్క పేజీ మాత్రం పాతబడిపోయి, మురికిపట్టి... ఆ విందుల పేజీ పాక్. ఏడాదిగా ఎవరూ చూడలేదు! మీ ఇంటి పేజీనే మీరు నిర్లక్ష్యం చేశారంటే లోకం ఏమనుకుంటుంది? అందులో కామా తప్పు కూడా ఉందట! ఈ ఆదివారంలోగా దాన్ని కూడా మిగతావాటిలాగా చేసెయ్యండి."

లేచి నిలబడ్డాను. ఫోనుకి అవతల ఉన్నా పెద్దమనిషి పెద్దమనిషే. నడుం వంచాను.

"ఇంగ్గిహ్, పాక్," అన్నాను.